అరువు ట్యాగ్‌లైన్ వద్దు: నల్లగొండ, పాలమూరు షార్ట్‌ఫిల్మ్ టీంలకు సమగ్ర మార్గదర్శి

మన దగ్గర షార్ట్‌ఫిల్మ్ తీసేవాళ్లకు కథల కరువు లేదు. ఫోన్‌తో తీసినా, కెమెరా కిరాయికి తెచ్చి తీసినా, దేవరకొండ పక్క తండా నుంచో మక్తల్ పక్క పల్లె నుంచో వచ్చిన సినిమాలో మనం రోజూ చూసే మనుషులుంటారు, మనం మాట్లాడే మాట ఉంటుంది. తీరా పోస్టర్ చూస్తే టైటిల్ కింద ట్యాగ్‌లైన్‌గా ‘ఓ అందమైన ప్రేమకథ’ అనో, ‘ది బిగినింగ్’ అనో, ‘మట్టి మనుషుల కథ’ అనో కనిపిస్తుంది. నెలల తరబడి చెమటోడ్చి తీసినదానికి ఆఖరి రాత్రి తొందరలో అతికించిన ముక్క అది. యూట్యూబ్‌లో వేలితో జరుపుకుంటూ పోయేవాళ్ల కంట్లో సినిమా కంటే ముందు పడేది ఆ ముక్కనే. ఎక్కడో చూసిన మాటే అనిపిస్తే వేలు ఆగదు. లోపలున్న మంచి సినిమా ఎవరికీ తెలియకుండా పోతుంది. దీన్ని చూసి నాకు నిజంగా బాధ కలుగుతుంది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

నేను నమ్మేది ఒక్కటే: మంచి ట్యాగ్‌లైన్‌లో ఆ సినిమా లోకానికి మాత్రమే చెల్లే నిజం ఒకటి ఉంటుంది. ముందు దాన్ని పట్టుకోవాలి. ప్రాసలూ సొగసులూ ఆ తర్వాత చూసుకోవచ్చు.

మొదటి మెట్టు: లైను కావాలో వద్దో తేల్చుకోండి

టైటిల్ ఒక్కటే చదివి సినిమా దేని గురించో పోల్చుకోగలిగితే, ట్యాగ్‌లైన్ దాన్నే మళ్లీ చెప్పకూడదు. ‘బోరు బండి’ అని టైటిల్ పెట్టి కింద ‘ఒక రైతు కథ’ అని రాస్తే కొత్తగా తెలిసిందేమీ లేదు. టైటిల్ మనిషి పేరో, ఒంటి మాటో అయి, అర్థం తొందరగా అందకపోతే అప్పుడు కింద లైనుకు పని ఉంటుంది. అలాంటి పని లేకపోతే టైటిల్ ఒక్కటే పెట్టండి. ఖాళీగా ఉందని నింపడం వల్లే సగం అరువు లైన్లు పుడుతున్నాయి.

రెండో మెట్టు: అరిగిన అచ్చులను గుర్తుపట్టండి

అచ్చులంటే అందరూ వాడి అరగదీసిన మూస లైన్లు. అవన్నీ పుట్టుకతో చెడ్డవి కావు. చాలావరకు ఎవరో ఒకరు తమ సినిమాకు సరిగ్గా సరిపోయే మాట రాసుకున్నారు. తర్వాతివాళ్లు కారణాన్ని వదిలేసి మాటను పట్టుకుపోయారు.

‘ఓ ఫలానా ప్రేమకథ’ తీసుకోండి. 2002లో వచ్చిన ‘ఇడియట్’ కింద ‘ఓ చంటిగాడి ప్రేమకథ’ అని ఉండేది. చంటి ఆ సినిమా హీరో పేరు. పేరు పక్కన ‘గాడు’ చేర్చడంతో వాడి తెగువ, వాడంటే బస్తీకి ఉండే చనువు రెండూ ఒక్క మాటలో పలికాయి. ఆ పేరు తీసేసి ‘అందమైన’, ‘చిన్న’, ‘పల్లెటూరి’ అని పెట్టుకుంటూ పోతే మిగిలేది డొల్ల. ప్రేమకథ అందంగా ఉండదని ఎవరనుకుంటారు?

ఇక ‘ది బిగినింగ్’, ‘ది రైజ్’, ‘చాప్టర్ 1’. ‘బాహుబలి’ ఒకే కథ, రెండు సినిమాలుగా కోశారు. 2015లో వచ్చిన మొదటి భాగం కట్టప్ప ఎందుకు చంపాడన్న ప్రశ్న దగ్గర ఆగింది, 2017లో రెండోది జవాబు చెప్పింది. అక్కడ ‘ది బిగినింగ్’, ‘ది కన్‌క్లూజన్’ అన్నవి టికెట్ కొనేవాడికి ఇచ్చిన సమాచారం. ‘కేజీఎఫ్’లో కథను ఒక విలేకరి రాసిన పుస్తకంలోంచి చెబుతారు, కాబట్టి 2018, 2022 భాగాలకు ‘చాప్టర్’ అన్న మాట అతికింది. ‘పుష్ప’ మొదటి భాగంలో కూలీగా మొదలైనవాడు ఎర్రచందనం దందాలో పైకి ఎగబాకుతాడు, రెండో భాగానికి దాన్ని ఏలే దశకు వస్తాడు. 2021లో ‘ది రైజ్’, 2024లో ‘ది రూల్’ ఆ ఎదుగుదలకు రెండు మెట్లు. మీది పన్నెండు నిమిషాల సినిమా, రెండో భాగానికి స్క్రిప్టు కూడా లేదు అనుకుందాం. అప్పుడు ‘ది బిగినింగ్’ అన్నది నిలబెట్టుకోలేని మాట. చూసినవాళ్లు కామెంట్లలో రెండో భాగం ఎప్పుడని అడుగుతారు, జవాబు ఉండదు.

మూడు మాటల వరుస ఇంకొకటి. ‘ఆర్ఆర్ఆర్’కు తెలుగులో ‘రౌద్రం రణం రుధిరం’ అన్నారు. టైటిల్‌లో మూడు అక్షరాలున్నాయి, మూడింటికీ మాట దొరికింది. ఆ అక్షరాల అవసరమే లేని సినిమాకు ‘పగ, ప్రేమ, ప్రతీకారం’ అని వరుస పెడితే అది జాబితా అవుతుంది తప్ప లైను కాదు.

‘కేరాఫ్ ఫలానా ఊరు’, ‘యథార్థ గాథ’, ‘ఈసారి లెక్క వేరే’, ‘రిటర్న్స్’, ‘రీలోడెడ్’ గురించి పెద్దగా చెప్పనక్కరలేదు. చూడగానే మీకే తెలుస్తుంది.

మన ప్రాంతపు అచ్చుల గురించి మాత్రం గట్టిగా చెప్పాలి, ఎందుకంటే వీటిని మనమే పోతపోసుకున్నాం. ‘మట్టి వాసన’, ‘పల్లె గుండె చప్పుడు’, ‘మన యాస మన గోస’, ‘వలస బతుకుల కన్నీటి గాథ’, ‘అన్నదాత ఆక్రందన’. వీటిలో ప్రేమ ఉంది, కోపం ఉంది, కాదనను. కానీ ఇవి పాలమూరును దూరం నుంచి చూసేవాడు రాసే మాటలు. రైతు తన కష్టాన్ని ఆక్రందన అనడు. వలస పోయి వచ్చిన అక్క తన బతుకును గాథ అనదు. లోపల మనుషులు ఒకలా మాట్లాడుతుంటే పోస్టర్ మీద ఇంకొకలా రాయడం ఆ మనుషులకు అన్యాయం చేసినట్టే అని నా అభిప్రాయం.

మూడో మెట్టు: పక్క పోస్టర్ పరీక్ష

మీ లైనును తీసి ఇంకో సినిమా పోస్టర్ మీద పెట్టి చూడండి. సరిగ్గా అతికిందంటే అది మీది కాదు. ఇంతకంటే నమ్మకమైన పరీక్ష నాకు తెలియదు.

1979లో వచ్చిన ‘ఏలియన్’ అనే ఇంగ్లీషు సినిమాకు బార్బరా గిప్స్ రాసిన ట్యాగ్‌లైన్ భావం ఇది: అంతరిక్షంలో నువ్వు ఎంత అరిచినా ఎవరికీ వినపడదు. గాలి లేనిచోట శబ్దం ప్రయాణించదు. సైన్సు పాఠంలోని ఆ చిన్న సత్యమే భయంగా మారింది, సాయం రాదన్న సంగతి కూడా అందులోనే తెలిసిపోయింది. దీన్ని పెళ్లింటి కామెడీ మీద పెట్టలేం. అడవిలో దెయ్యం సినిమా మీద కూడా పెట్టలేం, అడవిలో అరిస్తే వినపడుతుంది కదా.

అంతకు ముందు ఏడాది, 1978లో వచ్చిన ‘జాస్ 2’ లైను చూడండి. మళ్లీ నీళ్లలోకి దిగవచ్చు, ఇక భయం లేదు అని మీరు అనుకుంటున్న సమయంలో... అని సగంలో వదిలేశారు. 1975 నాటి మొదటి సినిమా చూసి జనం నిజంగానే సముద్రమంటే జంకారు కాబట్టి ఆ లైనుకు బలం వచ్చింది. తర్వాత దాన్ని నీళ్లతో ఏ సంబంధమూ లేని సినిమాలకూ, ప్రకటనలకూ వాడారు. వాక్యం మిగిలింది, భయం పోయింది.

నాలుగో మెట్టు: కథ జరిగే చోటు నుంచి ముడిసరుకు తెచ్చుకోండి

ఇక్కడ ఎక్కువ సమయం పెట్టండి. కంప్యూటర్ ముందు కూర్చుంటే గుర్తొచ్చేవి చదివిన లైన్లే. కథలోని పని దగ్గరికి, ఆ పని చేసే మనుషుల దగ్గరికి వెళ్లి కూర్చోండి. అడగాల్సినవి ఇవి: ఇక్కడ ఏది కుదరదు? ఏది ఎంత చేసినా మారదు? రోజూ ఎవరి నోట ఏ మాట వస్తుంది? ఏ మాట పైకి అనరు?

నల్లగొండ ఫ్లోరైడ్ మీద సినిమా తీస్తున్నారనుకోండి. మర్రిగూడ, మునుగోడు పేర్లు చెబితే రాష్ట్రమంతటికీ ఆ గోస గుర్తొస్తుంది. నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించడానికి నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) పటిక, సున్నం కలిపే పద్ధతి ఒకటి తయారు చేస్తే దానికి ‘నల్లగొండ టెక్నిక్’ అనే పేరే పడింది. ఇలాంటి సినిమాకు అలవాటుగా వచ్చే లైన్లు ‘విషపు నీరు’, ‘కన్నీటి జలం’. ఇప్పుడు పైన చెప్పిన ప్రశ్న అడగండి: ఏది ఎంత చేసినా మారదు? నీళ్లు బాగాలేకపోతే ప్రతి ఇంట్లో అమ్మ చేసే మొదటి పని కాగబెట్టడం. ఫ్లోరైడ్ కాగబెడితే పోదు. నీళ్లు ఆవిరైన కొద్దీ మిగిలినవాటిలో దాని మోతాదు ఇంకా పెరుగుతుంది. అయితే లైను ఇదే:

*కాగబెట్టినా పోదు.*

రెండే మాటలు. విషం అనలేదు, కన్నీరు అనలేదు. నీళ్లకూ చెల్లుతుంది, తరాలుగా ఒంట్లో ఉండిపోయిన నొప్పికీ చెల్లుతుంది. పక్క పోస్టర్ మీద పెట్టి చూడండి, నిలబడదు.

బోర్ల కథ ఇంకొకటి. బోరు బండి పని చేస్తుంటే దగ్గర నిలబడి వినండి. బోరు పాయింటు ఎవరు చూశారు, కేసింగు పైపు ఎన్ని ఫీట్లు దిగింది, దుమ్మే వస్తుందా తడి తగిలిందా అన్న మాటలే నడుస్తుంటాయి. లోతుకు పోయిన కొద్దీ ఫీటు రేటు పెరుగుతుంది. అయినా అక్కడిదాకా పోసిన పైసలు వదులుకోలేక రైతు నోటి నుంచి వచ్చే మాట ‘ఇంకో వంద ఫీట్లు కొట్టు’. ఆశ, అప్పు, మొండితనం అన్నీ ఆ మాటలోనే ఉన్నాయి. *ఇంకో వంద ఫీట్లు* అని రాస్తే చాలు. ‘అన్నదాత ఆక్రందన’ కంటే అది ఎన్నో రెట్లు ఎక్కువ చెబుతుంది.

సామెతల విషయంలో జాగ్రత్త. మన పల్లెల్లో సామెతలు దండిగా ఉన్నాయి, కానీ ఉన్నదాన్ని ఉన్నట్టు పోస్టర్ మీద పెడితే అదీ అరువే. పాత్ర దాన్ని తన అవసరానికి విరిచి వాడితే ఆ విరుపును పెట్టండి.

ఐదో మెట్టు: రాయండి, కొట్టేయండి

ఒక ఊహా కథ తీసుకొని మొదటి నుంచి చివరిదాకా చేద్దాం. టైటిల్ ‘అడ్వాన్సు’. చెల్లె పెళ్లి కోసం ఒక కుర్రాడు, కూలీలను పనికి తీసుకుపోయే గుంపు మేస్త్రి దగ్గర పైసలు తీసుకుంటాడు, ఆ బాకీ కింద గుంపుతో పాటు దూర రాష్ట్రంలో మట్టి పనికి పోతాడు. పీర్ల పండుగకు ఊరికి వస్తానని చెప్పిపోతాడు. పండుగ వస్తుంది, వాడు రాడు. పాలమూరులో ఈ సంగతి ఎవరికీ విడమర్చి చెప్పక్కరలేదు. దేశంలో ఎన్నో ప్రాజెక్టుల మట్టి ఎత్తింది మన ‘పాలమూరు లేబర్’ కదా.

మొదట వచ్చేవన్నీ రాసేయండి, ఆపుకోవద్దు. ఇరవై ముప్పై లైన్లు కావాలి. మొదటివి ఇలా ఉంటాయి: ‘ఓ వలస బతుకు’, ‘పాలమూరు గోస’, ‘చెమట చుక్కల కథ’. ఇవి బయటికి వచ్చేస్తేనే వెనకున్నవాటికి దారి దొరుకుతుంది. పరీక్ష పెట్టకుండానే వీటిని కొట్టేయండి.

తర్వాత కొంచెం తెలివైనవి వస్తాయి. ‘తీసుకున్నది ఒక్కపూట, తీర్చేది రెండేండ్లు.’ వినడానికి బాగుంది, తూకంగా ఉంది. కానీ ఇది బ్యాంకు అప్పు సినిమాకూ సరిపోతుంది, వడ్డీ వ్యాపారి సినిమాకూ సరిపోతుంది. పైగా ఈ తూకం ఉపన్యాసం చెప్పేవాడిది, కథలో ఎవరూ ఇట్లా మాట్లాడరు. తెలివైన లైనును కొట్టేయడానికి మనసు రాదు. అయినా కొట్టేయండి.

‘పని షురూ గాకముందే బాకీ షురువైంది.’ ఇది దగ్గరికి వచ్చింది. అడ్వాన్సు పద్ధతి ఎట్లా పనిచేస్తుందో ఇందులో ఉంది: కూలీ మొదటి తట్ట ఎత్తకముందే అప్పులో ఉంటాడు. మాట మనదే. ఒక్కటే లోటు, ఇది పరిస్థితిని వివరిస్తుంది. ఇందులో మనిషి లేడు.

ఇప్పుడు స్క్రిప్టు తీసి డైలాగులు మళ్లీ చదవండి. పైసలు చేతిలో పెడుతూ మేస్త్రి ఏమంటాడు? వాడు చెడ్డవాడు కాదు, అదే ఊరివాడు, వరసకు మామ. అందుకే నెమ్మదిగా చెప్తాడు:

*ఎంత దీసుకున్నవో ఇంట్ల జెప్పకు.*

ఇది చాలు. ఎంత తీసుకున్నాడు, ఎందుకు చెప్పకూడదు, ఇంట్లో ఎవరున్నారు, తెలిస్తే ఏమవుతుంది అన్నవన్నీ చదివినవాడి మనసులో తిరుగుతాయి. టైటిల్ ‘అడ్వాన్సు’ ఏమిటో చెప్పింది, లైను దాని చుట్టూ ఉన్న రహస్యాన్ని పెట్టింది. వలస అన్న మాట ఎక్కడా రాలేదు, రానక్కరలేదు. నా అనుభవంలో చాలాసార్లు సరైన లైను స్క్రిప్టులోనే పడి ఉంటుంది, డైలాగు అనుకొని దాటిపోతుంటాం.

ఆరో మెట్టు: భాగాలకు, ఎపిసోడ్లకు పేర్లు

వెబ్ సిరీస్ తీస్తే ‘పార్ట్ 1, పార్ట్ 2’ అని అంకెలు పెట్టడంలో తప్పేమీ లేదు, వరుస తెలియాలి. అంకె పక్కన ఇంకో పేరు కావాలనుకుంటే కథలోని కాలాన్ని వాడండి. వ్యవసాయం కథ అయితే కార్తెలున్నాయి. రోహిణి మే ఆఖరి వారంలో మొదలవుతుంది, మిరుగం (మృగశిర) జూన్ 7, 8 తేదీల్లో వస్తుంది, జూన్ 22 ప్రాంతంలో ఆరుద్ర. ‘రోహిణి’, ‘మిరుగం’, ‘ఆరుద్ర’ అని మూడు ఎపిసోడ్లు పెడితే, వాన కోసం చూసే రైతుకు ఆ పేర్లలోనే ఎండ, ఆశ, ఆలస్యం కనిపిస్తాయి. వలస కథకైతే పోయే కాలం, వచ్చే పండుగ. బడి కథకైతే పరీక్షలు. మీ పాత్రలు రోజులను దేనితో లెక్కపెడతారో అదే పేరు.

ఏడో మెట్టు: ముందే ఎవరైనా వాడారా చూడండి

యూట్యూబ్‌లో, గూగుల్‌లో తెలుగు లిపిలో ఒకసారి, ఇంగ్లీషు అక్షరాల్లో ఒకసారి వెతకండి. ఇంగ్లీషు అక్షరాల్లో ఒకే మాటను పలు రకాలుగా రాస్తారు, రెండు మూడు స్పెల్లింగులు మార్చి చూడాలి. లైను మొత్తం కొటేషన్ గుర్తుల మధ్య పెడితే అచ్చంగా అదే మాట ఉన్నవి పైకి వస్తాయి. థియేటర్‌లో వేసే ఆలోచన ఉంటే హైదరాబాద్‌లోని తెలుగు ఫిల్మ్ ఛాంబర్‌లో టైటిల్ నమోదు సంగతి కూడా కనుక్కోండి.

చట్టం గురించి చాలామంది అడుగుతారు. టైటిల్ ఒక్కదానికి కాపీరైట్ ఉండదని సుప్రీంకోర్టు 2015లో ‘దేశీ బాయ్స్’ అనే హిందీ సినిమా టైటిల్ కేసులో చెప్పింది. అంతమాత్రాన ఏదైనా తీసుకోవచ్చని అర్థం కాదు. కంపెనీల నినాదాలు 1999 నాటి ట్రేడ్‌మార్క్ చట్టం కింద నమోదై ఉండవచ్చు, వాటి జోలికి పోవద్దు. ఇక నా మటుకు, కేసు పడదన్నది ఎవరి మాటనైనా ఎత్తుకోవడానికి కారణం కాదు.

ఎనిమిదో మెట్టు: చెవికి వినిపించండి

కథ తెలియని మనిషికి లైను చదవండి. టీ హోటల్లో పరిచయస్తుడైనా సరే, మేనత్త అయినా సరే. ‘బాగుందా?’ అని అడగవద్దు, మన మీద ప్రేమతో బాగుందనే అంటారు. ‘ఇది ఏం సినిమా అనుకుంటున్నరు?’ అని అడగండి. రెండు రోజులాగి ఆ లైను ఏమిటో చెప్పమనండి. వాళ్లు మార్చి చెప్పిన మాట మీరు రాసినదానికంటే నోటికి తేలిగ్గా ఉంటే వాళ్లదే పెట్టుకోండి.

మాట ఏ ఊరిదో కూడా చూడాలి. గద్వాల, మక్తల్ వైపు మాటలో కన్నడ, రాయలసీమ జాడలు తగులుతాయి. మునుగోడు వైపు పలుకు వేరు. టీవీలో విన్న ‘తెలంగాణ యాస’ను రెండింటికీ ఒకేలా పూస్తే, మన యాసను కూడా అచ్చు చేసినట్టే. కథ జరిగే ఊరి మనిషితో ఒకసారి పైకి చదివించండి.

తొమ్మిదో మెట్టు: పోస్టర్ మీదికి, థంబ్‌నెయిల్ మీదికి

యూట్యూబ్ థంబ్‌నెయిల్‌కు (వీడియో తెరవకముందు కనిపించే చిన్న బొమ్మకు) మామూలుగా వాడే కొలత 1280×720 పిక్సెళ్లు. ఫోన్‌లో అది బొటనవేలంత అవుతుంది. ఒత్తుల మీద ఒత్తులున్న మాటలు ఆ సైజులో నల్లటి చుక్కలుగా కలిసిపోతాయి. ‘స్వాతంత్ర్యం’ లాంటి మాట పోస్టర్ మీద చదవగలం, థంబ్‌నెయిల్ మీద కష్టం. నాలుగైదు మాటలకు మించితే థంబ్‌నెయిల్‌లో లైను వదిలేసి టైటిల్ మాత్రమే ఉంచండి. రామభద్ర, మండలి, సురవరం లాంటి తెలుగు యూనికోడ్ ఫాంట్లు ఉచితంగానే దొరుకుతాయి. ట్యాగ్‌లైన్‌కు టైటిల్ ఫాంటు కంటే సాదాదే ఎంచుకోండి.

ఫ్లెక్సీ షాపు దగ్గర ఒక చిక్కు వస్తుంది. మీరు వాట్సాప్‌లో యూనికోడ్‌లో పంపినదాన్ని చాలాచోట్ల ‘అను’ అనే, యూనికోడ్ కాని పాత ఫాంట్లలో మళ్లీ టైప్ చేస్తారు. అప్పుడు దీర్ఘాలు, సున్నలు ఎగిరిపోతుంటాయి. అంతకంటే ముఖ్యంగా, మీరు కావాలని రాసిన యాసను తప్పనుకొని ఆపరేటర్ అన్న మంచి మనసుతోనే దిద్దేస్తాడు. ‘ఇంట్ల జెప్పకు’ కాస్తా ‘ఇంట్లో చెప్పకు’ అవుతుంది, మేస్త్రి గొంతు పోయి వార్తలు చదివే గొంతు వస్తుంది. అందుకే పంపేటప్పుడే ‘అన్నా, అక్షరం మార్చకుండ ఇట్లనే కావాలె’ అని కింద రాయండి. ప్రింటుకు పోకముందు ప్రూఫ్ ఫొటో తెప్పించుకొని, స్క్రిప్టు రాసినవాళ్లతోనే అక్షరం అక్షరం చదివించండి.